షికారు కారు మీది నంబర్లు

కంచం మళ్ళీ అలాగే తిరిగి వచ్చింది. అన్నం మీద పోసిన పప్పు గడ్డకట్టింది. పక్కన పెట్టిన మామిడికాయ ముక్కను కూడా పౌలు ముట్టలేదు.

హన్నా ఆ కంచాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళలేదు. వసారా దాటి, ఇంటిని ఆనుకొని ఉన్న షెడ్డులోకి తిన్నగా నడిచి, కారు బానెట్టు మీద, మొగుడి ముఖానికి ఎదురుగా పెట్టింది.

"చూడు. మంచిగ చూడు. నిన్న పొద్దుగాల సంది గిది ఐదో పూట."

జయరాజు చేతిలోని గరుకు కాగితం ఆగింది. "రంగు మీద పెట్టకు. గీత పడ్తది."

"గీతనా? మామ మనసు మీద పడ్డ గీత కనవడ్తలేదు గని, గీ రేకు మీద పడే గీత కనవడ్తాందా నీకు? డెబ్బై ఆరేండ్ల మనిషి. చాయ తప్ప ఏం ముడ్తలేడు. ఒక్క మాట మాట్లాడ్తలేడు."

"నేనేం లేని మాట అన్న?"

హన్నా తిట్టడం ఆపేసి అతన్నే చూసింది. ఆమె తిట్టినప్పుడు భయపడక్కర్లేదనీ, ఊరుకున్నప్పుడే భయపడాలనీ పదిహేడేళ్ళ కాపురంలో జయరాజుకు బాగా తెలిసివచ్చింది. అతను కంచం తీసి పక్కనున్న డబ్బా మీద పెట్టాడు. కంచం పెట్టిన చోట గుడ్డతో తుడిచాడు. అది చూసి హన్నాకు ఇంకా మండింది.

"అబద్ధమాడినవా అని అడిగినవ్ గదా నాయిన్ను! రేపు దేవుని గుడిల ఏం మొఖం పెట్టుకొని కూసుంటవు?"

ఆమె వెళ్ళిపోయింది. జయరాజు కారు ముందు ఒక్కడే మిగిలాడు.

ములుగు రోడ్డు మీద జయరాజు షెడ్డు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఆర్టీసీ బస్సు పక్కలు సొట్టపోయినా, లారీ క్యాబిన్ నుజ్జయినా అతని సుత్తి కిందికే రావాలి. వంగిన రేకును సాపు చేయడం అతనికి వచ్చు. నోరు జారిన మాటను సాపు చేయడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఇరవై ఏళ్ళుగా అతనికి ఒక్కటే గొప్ప. "మా నాయిన షికారు కారు చేసిండు. ములుగు అడవిల పులుల వేటకు పోయే కారు. చాసిస్ ఒక్కటే కంపెనీది, మీది బాడీ అంత మా నాయిన సుత్తె దెబ్బ" అని చాయ్ హోటల్లో చెప్పని రోజు లేదు. విన్నవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వనీ అనుకునేవాడు.

అందుకే ఆ కారు చేయించిన పాత దొర కొడుకు, వకీలు కిషన్ రావు, ఎనిమిది నెలల కింద ఆ కారు శవాన్ని లారీలో తెచ్చి షెడ్డు ముందు దింపినప్పుడు జయరాజు నిద్ర మానేశాడు. శవమనే అనాలి. దొర గడీ వెనక ఇన్నేళ్ళు పడి ఉండి, చాసిసూ, ఇనుప చట్రమూ, సీటు కింది పెట్టె మాత్రమే మిగిలాయి. మిగతా రేకులు ఎవరికి పనికొచ్చినవి వాళ్ళు ఊడదీసుకున్నారు. జయరాజు ఊరూరా తిరిగాడు. బానెట్టు ఒక పాత ఇనుప సామాను కొట్టు కప్పు మీద దొరికింది. రెండు మడ్‌గార్డులు హసన్‌పర్తిలో వెంకట్రాజం అనే రైతు బర్రెలకు కుడితి తొట్లయి ఉన్నాయి. బర్రెలకు రెండు సిమెంటు తొట్లు కట్టించి ఇచ్చి వాటిని తెచ్చుకున్నాడు. తుప్పు తిన్న మేర కోసేసి, పడేసిన కార్ల రేకులు తెచ్చి కొట్టి అతికాడు. సీటు కింది పెట్టె ఒక్కటీ గట్టిగా ఉందని దాని బోల్టులు కదిలించలేదు.

ఇప్పుడు కారు ఆకుపచ్చగా మెరుస్తోంది. డ్రైవరు వైపు తలుపు ఒక్కటే లేదు. అక్కడ గోనెపట్టా వేలాడుతోంది.

ఆ మెరుపంతా గురువారం సాయంత్రం ఒక్క మాటతో ఆరిపోయింది. కిషన్ రావు కారు చూడటానికి వచ్చి, మడ్‌గార్డు లోపలి వైపు వేలు పెట్టి తడిమాడు. చిన్న చిన్న చుక్కలతో పొడిచిన అంకెలు; రోజూ రుద్దుతున్నా జయరాజు వాటిని పట్టించుకోలేదు. బానెట్టు కింద నూట పద్నాలుగు. కుడి మడ్‌గార్డుకు ముప్పై ఏడు. ఎడమ దానికి రెండు వందల ఎనిమిది.

"చూసినవా జయరాజూ? కంపెనీ నంబర్లు. బాడీ బొంబాయిల చేయించి తెప్పించిన అని మా నాయిన ఊకె చెప్పేటోడు. గిప్పుడు రుజువు దొరికింది."

పక్క షెడ్డు గోపాల్ అక్కడే ఉన్నాడు. "ఏందన్నా, మీ నాయిన బొంబాయి కంపెనీల నౌకరి చేసిండా?" అని అడిగాడు. ఆరుగురు మెకానిక్కులు ఒక్కసారే నవ్వారు.

ఆ నవ్వు మోసుకొని ఇంట్లోకి వెళ్ళి, వసారాలో మంచం మీద కూర్చున్న తండ్రి ముందు దించాడు జయరాజు. "నువ్వు చేసిన అంటివి గదా? మరి కంపెనీ నంబర్లెట్లున్నయి? ఇన్నేండ్లు నాకు అబద్ధం చెప్పినవా నాయినా?"

పౌలు కళ్ళలో పొరలు కమ్మి మూడేళ్ళయింది. కొడుకు ముఖం ఆయనకు కనిపించదు. గొంతు వినిపిస్తుంది. ఆయన గొంతు వచ్చిన వైపు చాలాసేపు చూశాడు. తరవాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అదీ జరిగింది. ఈరోజు శనివారం. రేపు పొద్దున్నే కారు హైదరాబాద్‌లో పాత కార్ల ఊరేగింపుకు పోతుంది. సాయంత్రం కిషన్ రావు ఇత్తడి పలక తెచ్చి కారుకు బిగింపిస్తానన్నాడు. దాని మీద ఏమి రాసి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆరింటికి షెడ్డు ముందు రిక్షా ఆగింది. అందులోంచి ముందు ఒక కారు తలుపు దిగింది. దాని వెనక మడికొండ నుంచి వచ్చిన ఏసమ్మ దిగింది. జయరాజుకు పదేళ్ళు పెద్దయిన అక్క.

"ఇగో, తీస్కో! నా కోళ్ల గూడుకు తలుపు లేకుంట చేసినవ్. ఎనిమిది కోళ్లు గంపల కింద ఉన్నయి. ఒక్కదాన్ని పిల్లి ఎత్కపోయినా నీ ఇంటి ముందటికి వచ్చి కూసుంట."

"మూడు నెలల సంది అడుగుతాన. ఇయ్య ఇయ్య అంటివి. గిప్పుడెట్ల ఇయ్యబుద్ధయింది?"

"నీ కోసం తెచ్చిననుకుంటానవా? హన్నా కబురు పంపింది. నాయిన అన్నం మానేసిండని." ఏసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "గడీల సామాన్లు పాత ఇనుమోనికి తూకమేసిన నాడు మీ బావతోని కొట్లాడి గీ తలుపు తెచ్చుకున్న. నాయిన చేతి పని ఒక్కటన్న మన ఇంట్ల ఉండాలె అని. అసుంటి దాన్ని పట్టుకొని కంపెనీది అన్నవట!"

"నంబర్లున్నయక్కా. కండ్ల ముందట ఉన్నయి."

"నా కండ్లకేమైంది మరి? నేను పదేండ్ల పిల్లను. సద్ది పట్టుకొని రోజు గడీకి పోయేదాన్ని. నాయిన రేకు కొడ్తాంటె చూసిన."

"గప్పుడు మరమ్మతు చేసిండేమో. పదేండ్ల పిల్లకు ఏం తెలుస్తది?"

ఏసమ్మ చెయ్యి ఎత్తింది. నలభై ఏళ్ళ తమ్ముణ్ణి కొట్టడానికి యాభై ఏళ్ళ అక్కకు హక్కు ఉందో లేదో ఆలోచించినట్టుంది. హక్కు ఉందని తేలేలోపు హన్నా మధ్యలోకి వచ్చింది.

"వదినె, నువ్వు లోపలికి రా. పొద్దూకుతాంది, ప్రార్థన చేసుకుందాం. నువ్వు కూడ రా" అంది మొగుడితో. "కండ్లు మూసుకుంటె కోపం తగ్గుతదేమో చూద్దాం."

ఆ ఇంట్లో దీపాలు పెట్టేవేళ ప్రార్థన తప్పదు. ఏ పాట పాడాలో పౌలు చెప్తాడు, మిగతా వాళ్ళు పాడతారు. రెండు రోజులుగా ఆయన చెప్పలేదు. హన్నాయే ఏదో ఒకటి ఎత్తుకుంటోంది. ఇవాళ ఏసమ్మ తండ్రి పక్కన మంచం మీద కూర్చొని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాయినా, నేను ఏసమ్మను. నువ్వు పాట చెప్తె గని నేను పాడ."

రోడ్డు మీద ములుగు బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. అప్పుడు పౌలు గొంతు సవరించుకున్నాడు.

"నూట పద్నాలుగు."

మామ నోరు విప్పాడన్న సంతోషంలో హన్నా గబగబా కీర్తనల పుస్తకం తిప్పి, నూట పద్నాలుగు తీసి ఎత్తుకుంది. ఒక చరణం కూడా కాలేదు, పౌలు చెయ్యి ఎత్తి ఆపాడు.

"గా పుస్తకం కాదు బిడ్డా. గది కొత్తది, నంబర్లు మార్చిండ్రు. మీ అత్త పుస్తకం తియ్యి."

ఇనుప పెట్టె అడుగున, పెళ్ళి చీర మడతల్లో ఆ పుస్తకం ఉంది. అట్ట లేదు, కాగితాలు పసుపు పట్టాయి. అందులో నూట పద్నాలుగు వేరే పాట. కోతల కాలంలో పాడేది. ఏసమ్మకు చూడకుండానే వచ్చు. ఆడవాళ్ళిద్దరూ పాడారు. జయరాజు గుమ్మానికి ఆనుకొని నిలబడ్డాడు. నూట పద్నాలుగు అన్న మాట ఎక్కడో తగిలింది. నెలల తరబడి రోజూ రుద్దిన అంకె అది. ఏదో కలిసివచ్చిందిలే అనుకున్నాడు.

"ముప్పై ఏడు" అన్నాడు పౌలు.

జయరాజు గుమ్మం వదిలి నిటారుగా నిలబడ్డాడు. పాట అయిపోయేదాకా అతనికి ఒక్క ముక్క వినిపించలేదు. తండ్రి కళ్ళకు పొరలు వచ్చి మూడేళ్ళు. కారు షెడ్డుకు వచ్చి ఎనిమిది నెలలే. ఆయన షెడ్డులోకి ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. కారు పూర్తయ్యాకనే ముడతానని మొదటి రోజే చెప్పాడు. తాను ఆయన ముందు నంబర్లున్నాయని అరిచాడే గానీ, ఏ నంబర్లో చెప్పలేదు.

పాట ఆగింది. పౌలు నోరు తెరిచాడు. జయరాజు కూడా నోరు తెరిచాడు.

"రెండు వందల ఎనిమిది" అన్నారు ఇద్దరూ.

హన్నా పుస్తకం మూసి మొగుడి ముఖం చూసింది. ఏసమ్మకు ఏమీ అర్థం కాక తమ్ముణ్ణీ తండ్రినీ మార్చి మార్చి చూసింది.

"ఎడమ మడ్‌గార్డు" అన్నాడు జయరాజు. "నాయినా... అవి పాటల నంబర్లా?"

"తలుపు తెచ్చినవా ఏసమ్మా?" అని అడిగాడు పౌలు, కొడుకు మాట విననట్టే. "కింది మూలకు, లోపలి దిక్కు చూడుండ్రి. అరవై మూడు ఉంటది."

జయరాజు పరుగెత్తాడు. తలుపు లోపలి వైపు ఏసమ్మ వేయించిన నీలం రంగు, దాని మీద కోళ్ళ రెట్ట, దాని కింద తుప్పు. బల్బు కిందికి లాక్కొని వైరు బ్రష్షుతో రుద్దాడు. రంగు లేచింది. తుప్పు రాలింది. ముందు ఆరు కనిపించింది. తరవాత మూడు. అవే చిన్న చిన్న చుక్కలు.

బ్రష్షు కింద పడేశాడు. వెనక్కి తిరిగితే ఏసమ్మ, ఆమె భుజం పట్టుకొని పౌలు, వాళ్ళ వెనక హన్నా, అందరూ షెడ్డులో ఉన్నారు.

"అరవై మూడు ఏం పాటనో ఎర్కనా తమ్మీ?" ఏసమ్మ ఏడుస్తోంది. "నీ బాప్తిస్మం నాడు పాడినం. గుడి నుంచి వచ్చినంక నువ్వు అమ్మ ఒళ్ళె పండుకున్నవు. నాయిన సద్ది మూట కట్టుకొని గడీకి పోయిండు. తలుపు గా దినమే అయింది."

పౌలు మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. మూడు రోజుల మాటలు ఒక్కసారే వచ్చాయి.

"పని మొదలువెట్టిన నాడే పెద్ద దొర చెప్పిండు. పౌలూ, కారు మీద నీ పేరు కొట్టకు, బొంబాయిల చేయించిన అని నలుగురికి చెప్పిన అన్నడు. సరే దొరా అన్న. పేరు కొట్టలే. పొద్దుగాల ఏ పాట పాడితే ఆ నంబరు కొట్టిన. మనుషులు చదవకున్నా దేవుడు చదువుకుంటడని."

"నాకెందుకు చెప్పలే నాయినా? గురువారం అడిగిన నాడన్న చెప్పొద్దా?"

"నువ్వు అడిగినవా? నువ్వు తీర్పు చెప్పినవు." పౌలు గొంతు పెరగలేదు. "నీకు నంబరు మీద నమ్మకం కుదిరింది, నా మీద కుదర్లే. నా కొడుకు ముందట నేను సాక్ష్యం తెచ్చుకోవాల్నా?"

జయరాజు తప్పయిందనలేకపోయాడు. తలుపు ఎత్తి, గోనెపట్టా పీకేసి, కీళ్ళలో కూర్చోబెట్టి సీలలు దించాడు. కారు చట్రమూ తలుపూ వేరుపడి ఎన్ని ఏళ్ళో అయింది. ఒకదాన్ని ఒకటి మరిచిపోలేదు. సందులో దారమంత కూడా తేడా లేదు.

"వెయ్యి" అన్నాడు పౌలు.

జయరాజు తలుపు వేశాడు. టప్పుమని ఒక్కటే చప్పుడు. గలగల లేదు.

"ఇంకోపాలి."

మళ్ళీ వేశాడు. పౌలు ముఖం విచ్చుకుంది. స్టూలు మీంచి లేచి, కండువా అరచేతికి చుట్టుకొని మడ్‌గార్డు మీద పెట్టాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి నిమిరాడు. రేకుల పనివాళ్ళు సొట్టను కంటితో చూడరు, ఇలా గుడ్డ చుట్టిన చేత్తో చూస్తారు. ఆయన చెయ్యి ఒకచోట ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

"ఈడ తుప్పు తినలేదా?"

"తిన్నది. మూరెడు కోసేసిన. వేరే కారు రేకు కొట్టి పెట్టిన."

పౌలు ఇంకోసారి నిమిరాడు. గుడ్డ తీసేసి ఉత్త వేళ్ళతో వెతికాడు.

"అతుకు దొరుకుతలేదు" అన్నాడు ముసలాయన.

జయరాజు నలభై ఏళ్ళ బతుకులో తండ్రి నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు రాలేదు. గర్వంతో అతని ఛాతీ నిండిపోయింది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. హన్నా లోపలికి పోయి వేడి అన్నం కలిపి తెచ్చింది. పౌలు అక్కడే, కారు మెట్టు మీద కూర్చొని తిన్నాడు. రంగు మీద గీత పడుతుందని ఈసారి ఎవరూ అనలేదు.

కంచం ఖాళీ అయ్యేసరికి కిషన్ రావు జీపు వచ్చింది.

ఆయన చెడ్డవాడు కాదు. కారు చుట్టూ తిరిగి, తలుపు తెరిచి మూసి, చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. "జయరాజూ, నీ చెయ్యి బంగారం. ఇగో పలక. రెండు స్క్రూలు బిగించు, పొద్దున ఆరింటికి డ్రైవరు వస్తడు."

ఇత్తడి పలక నున్నగా మెరుస్తోంది. బాడీ తయారీ బొంబాయి, 1939 అని చెక్కి ఉంది.

జయరాజు పలకను అందుకోలేదు. "సారు, గది నా చేత్తోటి బిగియ్య. గీ బాడీ మా నాయిన చేసిండు. నంబర్లు కంపెనీవి కావు, పాటలవి. ఇగో పుస్తకం."

కిషన్ రావు అంతా విన్నాడు. పుస్తకం తిప్పి చూశాడు. నవ్వలేదు. కానీ ముఖం బిగుసుకుంది.

"పుస్తకంల అన్ని నంబర్లుంటయి జయరాజూ. నీ నాయిన మాట నువ్వు నిలవెడ్తవు, బరాబరే. మరి మా నాయిన అబద్ధమాడిండని నేను ఒప్పుకోవాల్నా? పలక బిగిస్తవా, గిట్లనే తీస్కపోవాల్నా?"

మొన్న సాయంత్రం తాను తండ్రి ముందు నిలబడ్డ తీరు జయరాజుకు గుర్తొచ్చింది. ఇప్పుడు కిషన్ రావు తన తండ్రి కోసం నిలబడ్డాడు. ఆయన మీద కోపం రాలేదు. పలక మాత్రం ముట్టుకోలేదు.

"చిన్న దొరా" అన్నాడు పౌలు. కారు మెట్టు మీంచి లేచి నిలబడ్డాడు. "పెద్ద దొర నన్ను మంచిగ చూసిండు. ఆయన బతికున్నన్ని దినాలు ఆయన మాట దాటలే. మీద కొట్టొద్దన్నడు, మీద కొట్టలే." ఆయన చెయ్యి తడుముకుంటూ పోయి డ్రైవరు సీటు అంచు మీద ఆగింది. "గీ సీటు కింద పెట్టె ఉంటది. నాలుగు బోల్టులు. అవి ఇప్పియ్యుండ్రి."

జయరాజు ఉలిక్కిపడ్డాడు. ఎనిమిది నెలల్లో ఆ కారులో తాను విప్పనిది అదొక్కటే.

"ఏమున్నది పెట్టె కింద?" అని అడిగాడు కిషన్ రావు.

"పెద్ద దొర మీద కొట్టొద్దన్న పేరు."

జయరాజు పానా తీసుకొని వంగాడు. కిషన్ రావు అడ్డంగా వచ్చి సీటు మీద చెయ్యి వేశాడు. ఇత్తడి పలక ఇంకా ఆయన రెండో చేతిలోనే ఉంది. దాన్ని ఒకసారి చూసుకున్నాడు. పౌలు పొరలు కమ్మిన కళ్ళను చూశాడు. తరవాత ఖాళీ చెయ్యి జయరాజు ముందుకు చాపాడు.

"పానా ఇటియ్యి. కారు నాది."

విప్పడానికి అడుగుతున్నాడో, విప్పనీయకుండా లాక్కోవడానికి అడుగుతున్నాడో ఆ గొంతును బట్టి తెలియలేదు. జయరాజు తండ్రి వైపు చూశాడు.

"ఇయ్యి బిడ్డా" అన్నాడు పౌలు. "ఎవలు ఇప్పినా ఉండేది గదే."

జయరాజు పానా కిషన్ రావు చేతిలో పెట్టాడు.